భీమిలి బావ కార్నవాల్ సముద్రం దాటాడు

మా అప్ప భర్త, భీమిలి బావ, రెండు మోకాళ్ళకీ ఆపరేషన్ అయ్యాక ఇసుకలో కాలు పెట్టడమే మానేశాడు. ముప్పై ఏళ్ళు చేపల పడవ నడిపిన మనిషి అరుగు మీద పేపరు పట్టుకుని కూర్చుంటే నాకు ఒళ్ళు మండేది. డాక్టరు నడవమంటాడు, ఈయన కదలడు. ఓ రోజు ఆటోనగర్‌లో నా వర్క్‌షాప్‌కి వస్తే ఇంగ్లండులోని కార్నవాల్ ఫోటో చూపించాను. అక్కడ మరజాయన్ అనే ఊరి ముందు సముద్రంలో ఒక దీవి ఉంది. ఆటు వేళ నీళ్ళు తగ్గి రాతిబాట బయటపడుతుంది, నడిచే వెళ్ళొచ్చు. "సముద్రమే దారిత్తే నాను నడవనేటి?" అన్నాడు. మాట జారాడు కదా, ఇక నేను వదల్లేదు. ఇద్దరికీ వీసాలు పెట్టేశాను.

లండన్‌లో పొద్దున రైలెక్కితే ఐదు గంటల పైచిలుకులో పెన్జాన్స్ చేరాం. కార్నవాల్ ఇంగ్లండుకి నైరుతి కొసన ఉన్న జిల్లా. పెద్ద చర్చి ఉన్న ట్రూరో దానికి జిల్లా కేంద్రం లాంటిది. అక్కడ రైలు మారితే ఓడల రేవు ఫాల్మత్, ఇంకాస్త ముందు సెయింట్ ఎర్త్‌లో మారితే ఇసుక తీరాల సెయింట్ ఐవ్స్. పెన్జాన్స్‌తో పట్టాలు అయిపోతాయి.

మర్నాడు అమావాస్య. బావ వేళ్ళ మీద తిథి లెక్కగట్టి, "మూడింటికి ఆటు. తొందరేటి?" అన్నాడు. భీమిలిలో ఆయన లెక్క ఏనాడూ తప్పలేదు, నేనూ నమ్మాను. మాంసం, బంగాళాదుంప కూరిన పేస్టీలు తీరిగ్గా తిని (ఐదారు పౌండ్లు, ఒకటి తింటే కడుపు నిండుతుంది), బస్సులో మరజాయన్ చేరేసరికి ఒకటిన్నర. అప్పటికే నీళ్ళు బాట అంచుల దాకా వచ్చేశాయి. ఆటు పన్నెండుకే అయిపోయిందనీ, అరగంటలో దారి మునుగుతుందనీ, నడిచేదుంటే ఇప్పుడే కదలాలనీ, లేకపోతే తర్వాత పడవలో రావచ్చనీ ఒడ్డున ఉన్న పడవాయన చెప్పాడు. అమావాస్య అంతటా ఒకటే గానీ ఆటు వేళ ఏ తీరానిది ఆ తీరానిదేనని మాకు అప్పుడు తెలిసింది.

బావ ముఖం చిన్నబోయింది. "ఇంత దూరమొచ్చి పడవెక్కుతావా బావా?" అన్నాను, కోపంగానే.

"నోర్మూసుకుని సెయ్యియ్యి" అన్నాడు.

నాచు పట్టిన రాళ్ళ మీద నా చెయ్యి పట్టుకుని నడిచాడు. సగం దాటాక ఆగిపోయాడు. నేను వంగి ఆయన మోకాళ్ళు చూశాను. "నొప్పా?"

"లేదురా. నొప్పెట్టటం లేదు. అదే సూత్తన్నాను."

చెయ్యి వదిలేసి నాకంటే ముందు నడిచాడు. చివరి పది అడుగుల్లో మా బూట్లు తడిశాయి. దీవి మెట్టెక్కి వెనక్కి తిరిగి, వల నిండినప్పుడు పెట్టే కేక ఒకటి పెట్టాడు. టూరిస్టులు ఉలిక్కిపడి, తర్వాత చప్పట్లు కొట్టారు. బావ అప్పకి ఫోన్ చేసి "దాటేసేనే!" అని అరుస్తుంటే నాకు ఏడుపొచ్చింది, దాచుకోలేదు.

ఏడాది పాటు మేమందరం చెప్పినా కదలని మనిషిని తప్పిన లెక్క కదిలించింది. ఆయన లెక్క ప్రకారం మూడింటి దాకా టైముంటే ఒడ్డునే కూర్చుని ఏదో సాకు చెప్పేవాడని నా నమ్మకం. మీరు వెళితే మాత్రం, దారి తెరిచి ఉండే వేళలు దీవి వెబ్‌సైట్లో చూసుకునే బయల్దేరండి. మా బావని అడుగుదామనుకోకండి. పొద్దున్నే భీమిలి ఇసుకలో నడుస్తుంటాడు, ఫోనెత్తడు.