గుమ్మం నుంచి గుమ్మానికి

తప్పు చేసింది ఓనరుగారి అల్లుడు. కుర్చీ పోయింది మా పిన్నికి.

విమానం టికెట్లు అమ్మే ఆ కొట్లో ముందు కుర్చీ పిన్నిది. ఒకరోజు ఆవిడ భోజనానికి లేచినప్పుడు బట్టల కొట్టాయన వచ్చి, "ప్రయాణం ఎంతసేపు బాబూ?" అని అడిగాడు. అల్లుడు టికెట్ చూశాడు. ఎక్కేది ఎనిమిదికి, దిగేది తొమ్మిదికి. "గంట" అన్నాడు. దిగే ఊళ్లో గడియారం మనకన్నా ఐదు గంటలు వెనకని ఆ మహానుభావుడికి తట్టలేదు. గంటే కదా అని బట్టల కొట్టాయన మోకాళ్ల నొప్పి మాత్రలు విమానం అడుగున వేసే పెద్ద పెట్టెలో పడేసి, ఆరు గంటలు మూలుగుతూ వెళ్లాడు. తిరిగొచ్చి కొట్టు పైకప్పు లేచిపోయేలా అరిచాడు.

"టికెట్ ఇచ్చింది ఆవిడే" అన్నాడు అల్లుడు, రెప్ప కూడా వేయకుండా.

ఓనరుకి నిజం తెలుసు. కానీ అల్లుణ్ణి ఒక మాటంటే ఇంట్లో కూతురు నాలుగంటుంది. పిన్నిని వెనక గదిలో జిరాక్సు మిషన్ దగ్గరికి తోశాడు.

పిన్ని ఏనాడూ దూరం కిలోమీటర్లలో చెప్పలేదు. మనిషిని ఎగాదిగా చూసి చెప్పేది. పిల్లల తల్లికి "మూడు ఏడుపులు, ఒక నిద్ర." కొత్త దంపతులకి "ఒక అలక." అందుకే జనం జిరాక్సు వంకతో వెనక్కి వచ్చి ఆవిణ్ణే అడిగేవారు. నా ఉద్యోగాల దరఖాస్తులు తీయించుకోవడానికి వెళ్తే నా వంతు ఓ పట్టాన వచ్చేది కాదు.

ఒకరోజు నేనక్కడుండగానే ముందు గదిలో ఓనరు గొంతు వినిపించింది. భార్యతో మొదటిసారి విమానమెక్కబోతున్నాడు.

"రెండు వేల ఏడొందల కిలోమీటర్లు మావయ్యా. మూడు గంటలు" అన్నాడు అల్లుడు.

"అది విమానానికయ్యా. మీ అత్తయ్యతో నాకెంత?"

అల్లుడు మళ్లీ టికెట్ చూశాడు. ఓనరు మెల్లగా వెనక్కి వచ్చాడు. "ఏమ్మా, కాస్త చెప్పు."

"ముందు కుర్చీలో కూర్చుంటే గానీ నాకు లెక్క రాదండీ" అంది పిన్ని, కాగితం మీంచి తల ఎత్తకుండా. వరసలో జనం నవ్వారు. ఓనరు చెవులు ఎర్రబడ్డాయి.

"అల్లుడూ, లేవయ్యా. కాసేపు జిరాక్సులు చూడు."

పిన్ని వెళ్లి తీరిగ్గా కూర్చుంది. "పెట్టె సర్దేటప్పుడు ఒక తగాదా, తనిఖీ వరసలో ఇంకోటి. గాల్లో అమ్మగారు కునుకు తీస్తారు, అదే మీకు విశ్రాంతి. పొద్దున ఇక్కడ తిని బయల్దేరితే రాత్రి భోజనం అక్కడ."

ఆ కాసేపు నేటికీ అవలేదు. అల్లుడు వెనకే ఉన్నాడు.

మొన్న కలిసినప్పుడు నాకు కడుపు మండి అడిగాను. "ఓనరు అంత అన్యాయం చేశాడు. క్షమాపణ చెప్పమని అడగలేదా పిన్నీ?"

"అదేం చేసుకుంటానురా? కొత్త దిండు అడిగాను. ఆ అల్లుడు కూర్చుని కూర్చుని కుర్చీకి గుంట పెట్టాడు" అంది.