కిటికీ పెచ్చులు

అద్దంకిలో మేం అద్దెకున్న పాత పెంకుటింటి కిటికీలకు పచ్చరంగు ఉండేది. ఎండకు అది పెచ్చులుగా లేచేది. మా రెండున్నరేళ్ల పాప కిటికీ గట్టు మీద కూర్చుని, మిర్చి బస్తాల ట్రాక్టర్లను చూస్తూ ఆ పెచ్చులు గిల్లేది. నేను బడిలో పాఠాలు చెప్పి ఇంటికొచ్చేసరికి దాని పెదాల మీద పచ్చటి పలుకులు ఉండేవి. తుడిచేసి ఊరుకునేదాన్ని.

ఆ వేసవిలో పాప అన్నం మానేసింది. కడుపు పట్టుకుని ఏడ్చేది. ఆరెంపీ డాక్టరు నులిపురుగులన్నాడు. మా అత్తగారు దిష్టి తీశారు. ఏం చేసినా తగ్గలేదు.

గుంటూరులో పిల్లల డాక్టరుగారు, "పాప నోట్లో ఏం పెట్టుకుంటుందమ్మా?" అని అడిగారు. కిటికీ సంగతి చెప్పాను. ఆయన రాయడం ఆపి నావైపు చూశారు. నెత్తురు తీసి మద్రాసు పంపించారు. సీసం ఎక్కువగా ఉందని రిపోర్టు వచ్చింది.

"మా ఇంట్లో సీసం ఎక్కడిదండీ?"

"పాత రంగుల్లో ఉంటుందమ్మా. పిల్లల మెదడుకు చేటు. పెచ్చులు కాస్త తియ్యగా ఉంటాయి. అందుకే పిల్లలు వదలరు."

ఇంటికొచ్చి ఒక పెచ్చు నాలుక మీద పెట్టుకుని ఉమ్మేశాను. నాకు తీపి తెలియలేదు.

మావారు ఆదివారమంతా కూర్చుని ఉప్పుకాగితంతో కిటికీలన్నీ గీకేశారు. ఇల్లంతా పచ్చటి దుమ్ము. మళ్లీ పరీక్ష చేయిస్తే సీసం ఇంకా పెరిగింది.

"ఎవరు గీకమన్నారండీ? ఆ దుమ్ము ఇంకా ప్రమాదం!" అన్నారు డాక్టరుగారు.

"తీసేస్తే మంచిదనుకున్నానండీ," అని మావారు తల దించుకున్నారు.

ఇంటి యజమానికి చెబితే, "మేం నలుగురు అన్నదమ్ములం ఈ ఇంట్లోనే పెరిగాం. మాకేమైందమ్మా?" అన్నాడు.

వెల్లవేసిన చిన్న ఇంట్లోకి మారాం. రోజూ తడిగుడ్డతో గచ్చు తుడిచేదాన్ని. డాక్టరుగారు రాసిన ఐరన్ చుక్కలు వేసేదాన్ని. దసరా నాటికి నొప్పి పోయింది, పాప అన్నం అడిగి తింది. బడిలో వేశాక మాత్రం అంకెలు ఎంతకీ గుర్తుండేవి కావు. "సీసం వల్లేనా?" అంటే, "కావచ్చు, కాకపోవచ్చు. ఖాయంగా చెప్పలేమమ్మా," అన్నారాయన.

తర్వాత ఆ పెంకుటింట్లోకి ఒకామె చంటిపిల్లతో దిగిందని తెలిసి వెళ్లి అంతా చెప్పాను. ఆమె శ్రద్ధగా విని, "పచ్చరంగుతోనేనా అక్కా ఇబ్బంది? పైన నీలం వేయిస్తే సరిపోతుందా?" అంది.

అది నాకూ తెలియదన్నాను. గీకొద్దని మాత్రం చెప్పి, గుంటూరు డాక్టరుగారి అడ్రసున్న చీటీ ఆమె చేతిలో పెట్టాను.