బస్సు కదిలేముందు అత్త అడిగే మాట

మా పక్క క్వార్టర్ అత్త పోయింది. హైదరాబాద్‌లో నేను పనిచేసే ట్రావెల్స్ ఆఫీసుకు పొద్దున పదకొండింటికి తమ్ముడు ఎస్‌టీడీ బూత్ నుంచి ఫోన్ చేశాడు. "అక్కా, అత్త పోయింది. దవాఖానల నుంచి ఇంటికి తెచ్చినం. వాన పట్టేటట్టున్నది, నువ్వొచ్చేదాక ఉంచుతరో లేదో" అన్నాడు. నేను ఫోన్ పెట్టేసి, ఎదురుగా కూర్చున్న దంపతులకు ఊటీ టూరు వివరాలు చివరిదాకా చెప్పాను. ఎందుకు చెప్పానో నాకే తెలియదు. వాళ్లు లేచి వెళ్లాక బల్ల మీద తల పెట్టుకుని ఏడ్చాను. రైలు దిగి కాలనీకి చేరేసరికి అత్తను గోదావరి ఒడ్డుకు తీసుకుపోయి, పని ముగించుకుని మగవాళ్లు తిరిగి వస్తున్నారు.

ఆమె మాకు చుట్టం కాదు. ఆదిలాబాద్ జిల్లాలో ఒక బొగ్గుబావి కాలనీ మాది. తలా ఒక ఊరి నుంచి బావి పనికి వచ్చినవాళ్లం కనుక చుట్టరికాలు ఎవరికి వాళ్లే కలుపుకోవాలి. మా బాపును ఆమె "అన్నా" అని పిలిచింది, నాకు అత్త అయింది. రెండు క్వార్టర్లకూ నడుమ ఒకటే గోడ. మా ఇంట్లో కూరలో ఉప్పెక్కువైన సంగతి బాపు అరుపుల వల్ల ఆమెకు మాకంటే ముందే తెలిసేది. చెన్నూరు ఆమె పుట్టినిల్లు. బడి మొహం చూడలేదు. కొంగుకు ఎప్పుడూ రెండు మూడు ముళ్లు ఉండేవి, మర్చిపోకూడని పనులకు గుర్తుగా. ఒక ముడి విప్పి, "గిది దేనికేసిన్నే బిడ్డా?" అని నన్నే అడిగేది. నాకేం తెలుసు?

ఆమెకు నేను చెప్పవలసిన నిజం ఒకటి ఉండిపోయింది. ఐదేళ్లు ఆ నిజాన్ని నాలుక చివరన పెట్టుకుని తిరిగాను. ఇప్పుడు చెప్పడానికి ఆమె లేదు కాబట్టి మీకు చెబుతున్నాను.

అత్త ఏటా ఒకసారి మా క్వార్టర్ల లైన్‌లోని ఆడవాళ్లను వేములవాడ రాజన్న దగ్గరికి బస్సులో తీసుకుపోయేది. నలభై మంది ఆడవాళ్లు, వాళ్ల సంకలో పిల్లలు, గిన్నెలు, బియ్యం, మూటలు. పొద్దున బయలుదేరి గోదావరి దాటి, కరీంనగర్‌లో చాయ్‌కి ఆగి వేములవాడ చేరేవాళ్లం. బస్సు ఆగగానే అందరికంటే ముందు తనే దిగేది. గుడి వైపు చూసేది కాదు. "దేవుడు యాడికి పోడు. ముందుగాల నీళ్లు యాడున్నయ్, నీడ యాడున్నది, ఆడోళ్లకు చాటు యాడున్నది సూడుర్రి" అనేది. ఆ మూడూ కుదిరాకే దేవుడు. అందరి మొక్కులూ తీరి, అందరూ తిన్నాక, గిన్నె అడుగున మిగిలింది తను తినేది. కిటికీ పక్కన ఆమె కూర్చోగా నేను చూడలేదు. డ్రైవర్ పక్కన వేడిగా ఉండే ఇంజిన్ డబ్బా మీదే ఆమె చోటు.

అన్నిటికంటే ముఖ్యం, ఆమె జోడి పద్ధతి. బయలుదేరేముందే అందరినీ ఇద్దరిద్దరుగా కలిపేది. తల్లీకూతుళ్లను కలపదు, అత్తాకోడళ్లను అసలే కలపదు. ఈ చివరి ఇంటామెకు ఆ చివరి ఇంటామె జోడి. బస్సు ఎక్కడ ఆగినా, మళ్లీ కదిలేముందు తలలు లెక్కపెట్టడం ఉండదు. "నీ జోడి ఎక్కిందా?" అని ఒక్కొక్కరినీ అడిగేది. "ఎక్కింది" అని ఎవరి జోడి గురించి వాళ్లే చెప్పాలి. తను ఎక్కానని ఎవరూ చెప్పుకోకూడదు.

ఈ పద్ధతి వెనక ఒక తప్పు ఉంది. అత్త తీసుకుపోయిన మొదటి యాత్రకు ఇంటి మగవాళ్లూ వచ్చారు. ఆ యాత్రలో ఆమె అత్తగారిని వేములవాడలోనే వదిలేసి వచ్చారు. ముసలామె కోడె మొక్కు మొక్కింది. అంటే కోడెను పట్టుకుని గుడి చుట్టూ తిప్పి, తీసుకుపోయి కట్టేయాలి. కట్టేసి, కాళ్లు నొప్పులని అక్కడే కూర్చుంది. కొడుకేమో తల్లి ఆడవాళ్లలో ఉందనుకున్నాడు. మా అత్త, కొడుకు పక్కన ఉందనుకుంది. ఆడబిడ్డ, వదిన పక్కన ఉందనుకుంది. కరీంనగర్‌లో చాయ్ తాగేటప్పుడు గానీ ఎవరికీ తెలియలేదు. వెనక్కి పరుగెత్తితే ముసలామె ఆ కోడె పక్కనే కూర్చుని ఉంది. ఒక్క తిట్టు తిట్టలేదట. "మీరు నన్ను మర్సిపోరని గీడనే కూసున్న" అందట. ఈ మాట చెప్పినప్పుడల్లా అత్త కొంగు ముళ్లు తడుముకునేది.

"పరాయామె అయితే మల్లొక్కసారి సూస్తం బిడ్డా. ఇంటామె అయితే ఉంటదిలే అనుకుంటం. ఇంటోళ్లనే మర్సిపోతం" అనేది.

నాకు ఎనిమిదేళ్లప్పుడు అడిగాను, "మరి నీ జోడి ఎవ్వరత్తా?" అని. అత్త, "నన్నెవ్వరు సూస్తరే? నువ్వే సూడాలె" అంది. ఆనాటి నుంచి నేనే ఆమె జోడి. అందరూ చెప్పాక చివరన నేను "ఎక్కింది!" అని అరిచేదాన్ని. అప్పుడు అత్త బస్సు రేకు మీద రెండు దెబ్బలు కొట్టేది. బస్సు కదిలేది.

డిగ్రీ అయ్యాక యూనివర్సిటీలో టూరిజం మేనేజ్‌మెంట్ అనే కోర్సు ఉందని తెలిసి దరఖాస్తు పెట్టాను. సీటు వచ్చింది. బాపు మండిపడ్డాడు. "ఊర్లు తిరుగుడు గూడ సదువేనా? టీచర్ ట్రైనింగ్ చెయ్యరాదు?" అన్నాడు. గోడ అవతల నుంచి అత్త అంతా విని, చేతి తడి కొంగుకు తుడుచుకుంటూ వచ్చింది.

"తిరుగుడు సదువు గాదన్నా, తిప్పుడు సదువు. నాకు గా సదువు లేకనే ముసలామెను యిడిసిపెట్టి అచ్చిన. పోనియ్యి పిల్లను" అంది. బాపు మర్నాడే ఫీజు డబ్బు నా చేతిలో పెట్టాడు. పెట్టె సర్దేటప్పుడు అత్త నా కొంగుకు ఒక ముడి వేసి, "గిది నేను. మర్సిపోకు" అంది. నేను నవ్వాను.

క్లాసులో నాతో పాటు చదివేవాళ్లలో చాలామంది విమానం ఎక్కినవాళ్లు, పెద్ద హోటళ్లలో భోజనం చేసినవాళ్లు. మొదటి సంవత్సరం ఒక సార్ "సందర్శకుల ప్రాథమిక అవసరాలు" అనే పాఠం గంటసేపు చెప్పారు. నీళ్లు, నీడ, చాటు. నా లోపల నేను నవ్వుకున్నాను, కానీ చేయెత్తి మా అత్త మాట చెప్పలేదు. నా యాసకే ఒకరిద్దరు మూతులు తిప్పేవారు. తంబాకు నమిలే ఒక బావి కార్మికుని భార్య సార్ కంటే ముందే నాకు ఈ పాఠం చెప్పిందని ఆ గదిలో లేచి ఎలా అనడం?

రెండో సంవత్సరం సెమినార్లో యాత్రికుల బృందాల గురించి నేను మాట్లాడాను. జోడి పద్ధతి మొత్తం చెప్పాను. ఇంటివాళ్లను ఎందుకు కలపకూడదో కూడా చెప్పాను. సార్ కళ్లద్దాలు తీసి, "చాలా బాగుందమ్మా. ఎక్కడ చదివావు?" అని అడిగారు.

"చదవలేదు సార్. నేనే ఆలోచించాను" అన్నాను.

ఆ అబద్ధం ఆడడానికి క్షణం పట్టలేదు. తర్వాత దిద్దుకోవడానికి ధైర్యం చాలలేదు. సార్ ఆ పద్ధతినే నా ప్రాజెక్టు రిపోర్టులో ఒక అధ్యాయంగా రాయమన్నారు. రాశాను. రిపోర్టు మొదట్లో కృతజ్ఞతల పేజీ ఒకటి ఉంటుంది. అందులో సార్లకు, లైబ్రరీ వాళ్లకు, బస్ డిపో వాళ్లకు, స్నేహితులకు, ఆఖరికి టైపు సెంటర్‌కు కూడా కృతజ్ఞతలు చెప్పాను. పరాయివాళ్లు ఒక్కరు కూడా తప్పిపోలేదు.

నల్ల అట్ట మీద బంగారు రంగు అక్షరాలతో బైండు చేయించిన కాపీ ఒకటి ఇంటికి తెచ్చాను. అత్త గడపకు పసుపు రాస్తూ రాస్తూ లేచి వచ్చింది. "నా ముచ్చట రాసినవా బిడ్డా?" అని అడిగింది.

"రాసిన అత్తా."

"యాడ? సూపియ్యి."

ఇంగ్లీషులో ఉన్న ఆ కృతజ్ఞతల పేజీ తెరిచి, కళ్లు సరిగా పెట్టకుండానే ఒక వరుస మీద వేలు పెట్టాను. అత్త నా వేలు తీసేసి అక్కడ తన వేలు పెట్టింది. చేతికి పసుపుందన్న సంగతి ఆమెకూ గుర్తులేదు. చాలాసేపు చూసింది.

"ఇంగ్లీషుల నేను గిట్లుంటనా?" అంది. ఆమె కళ్లు నిండిపోయాయి. నావి నిండలేదు. అప్పుడు నిండి ఉంటే బాగుండేది.

ఆ కాపీ తనకు కావాలంది. ఇచ్చాను. తర్వాత ఐదేళ్లలో ఎన్నిసార్లు ఊరికి పోయానో, అన్నిసార్లూ ఈసారి చెబుదామనే పోయాను. అత్త పేరు చేర్చి సరిదిద్దిన ఇంకో కాపీ చేయించి తెస్తే సరిపోతుందని కూడా అనుకున్నాను. మొన్న ఎండాకాలం దవాఖానలో మంచం పక్కన కూర్చుని నోరు తెరిచాను కూడా. అత్త నా చేయి పట్టుకుని, "పరేషాన్ గాకు. జర మంచిగ గానియ్యి, దసరా అయినంక బస్సు వెడుదాం. నువ్వు రాకుంటే నా జోడి ఎవ్వరే?" అంది. వస్తానన్నాను. ఆ బస్సులో చెబుదాంలే అనుకుని నోరు మూసుకున్నాను. దసరా దాకా ఆమె ఆగలేదు.

పదో రోజుకు మళ్లీ పోయాను. అత్త కోడలు దేవుని గూట్లో నుంచి చీర గుడ్డలో చుట్టిన ఆ పుస్తకం తీసి నా చేతిలో పెట్టింది. "నీ దగ్గర్నే ఉండనియ్యి చెల్లె. ఎవ్వరచ్చినా గిదే ముందు సూపెట్టేది" అంది. లోపల గుర్తుకు కోడె మొక్కు చీటీ పెట్టి ఉంది. ఆ పేజీ తెరిచాను. అత్త ఎన్నిసార్లు వేలు పెట్టి చూపించిందో, ఒక్క వరుస మీదే కాగితం నలిగి, పచ్చగా మారి, అక్షరాలు చెదిరిపోయాయి. అయినా చదవగలిగాను. సకాలంలో టైపు చేసి ఇచ్చినందుకు టైపు సెంటర్ వారికి కృతజ్ఞతలు. ఆ వరుస అదే.

కోడలు పదో తరగతి దాకా చదివింది. నా ముఖం చూసి పుస్తకం లాక్కుని, కూడబలుక్కుంటూ చదివింది. పుస్తకం మూసి మళ్లీ నా చేతికిచ్చి, "ఎవ్వలకు చెప్పకు. లైనంత గదే నమ్మిన్రు" అంది. ఆమె కోప్పడి ఉంటే తట్టుకునేదాన్ని. ఆమె మాట కాదని ఇక్కడ రాస్తున్నాను.

ఆ రోజు పదో దినం స్నానాలకు గోదావరికి లైన్ ఆడవాళ్లమంతా బస్సులోనే పోయాం. స్నానాలు చేసి, తడి తలలతో ఎక్కి కూర్చున్నాం. డ్రైవర్ బస్సు స్టార్టు చేశాడు. వెనక సీటులోంచి ఒక ముసలామె, అలవాటు కొద్దీ, "అందరి జోడీలు ఎక్కినయా?" అని అడిగింది. ఒక్కొక్కరే చెప్పడం మొదలుపెట్టారు. "ఎక్కింది." "ఎక్కింది." "నా జోడి గూడ ఎక్కింది." చివరికి నా వంతు వచ్చింది. అందరూ నా వైపు తిరిగారు.

పాత మాటే గొంతు దాకా వచ్చింది. దాన్ని మింగేశాను.

"నా జోడి ఎక్కలే" అన్నాను.

బస్సు రేకు మీద కొట్టేవాళ్లు లేరు. డ్రైవర్ ఇంజిన్ ఆపేశాడు. ఇంజిన్ డబ్బా మీద అత్త చోటు ఖాళీగా ఉంది, తలుపు తెరిచే ఉంది, ఒడ్డు మీద మేము నడిచిన అడుగుజాడల్లో నీళ్లు ఊరుతున్నాయి. మేమంతా తలుపు వైపే చూస్తూ కూర్చున్నాం.