నీళ్లు తాగే దుప్పటి

మా అత్త మనిషి పొట్టి, నోరు పొడుగు. రబ్బరు షీట్ల కార్ఖానాలో పని. ఎదురెదురుగా తిరిగే రెండు ఇనప రోలర్ల మధ్య రబ్బరు ముద్ద వేసి, పైనుంచి తెల్లటి పొడి చల్లుతూ రెండూ కలిసిపోయేదాకా తిప్పించాలి. ఆ పొడిని కార్ఖానాలో పాలిమర్ అంటారు. అత్త మాత్రం ‘తాగుబోతు’ అంటుంది. చంటిపిల్లల డైపర్లలో ఉండేదీ ఈ జాతిదే. చెంచాడు పొడి చెంబుడు నీళ్లు తాగి ఉబ్బి కూర్చుంటుంది, పిండినా కక్కదు. ఎండ తగిలితే మాత్రం మెల్లగా ఆవిరి చేసి వదిలేస్తుంది. అందుకే ఎండలు మండే చోట ఈ షీట్లు ఇంటి కప్పుల మీద పరుస్తారు. సాయంత్రం తడిపితే మర్నాడంతా చెమట పట్టే పని కప్పే చూసుకుంటుంది, కింద మనుషులకి ఆ బాధ తప్పుతుంది.

మామయ్య దర్జీ. మిషను ఇంటి ముందుగదిలోనే. అత్త ఎంత సబ్బు రుద్దినా చేతులకి కొత్త టైరు వాసన పోదు.

“మీ అత్త వీధి మలుపు తిరిగిందంటే నాకు ఇక్కడికే తెలుస్తుందిరా, పంక్చర్ షాపు నడిచొస్తున్నట్టు ఉంటుంది” అంటాడాయన.

“ఆయన రావడం మాత్రం ఎవరికీ తెలీదు. కదిలితేగా!” అంటుంది అత్త.

అలాంటి కదలని మనిషి ఈ ఎండాకాలం కదులుతానన్నాడు. ముందుగదికి రేకుల కప్పు. మధ్యాహ్నమయ్యేసరికి గది పెనంలా కాలుతుంది. ఎవరిదో తెల్లచొక్కా కుడుతుంటే ముక్కు మీంచి చెమట చుక్క కాలరు మీద పడింది. ఉతికినా మరక పోలేదు. మామయ్యకి ప్రాణం పోయినంత పనైంది.

“మా అన్నయ్య కొట్టు వెనకాల గది ఖాళీగా ఉందట. శ్లాబు గది. ఆదివారం బండి పంపిస్తానన్నాడు, మిషను అక్కడికి మార్చేస్తా” అన్నాడు.

ఆ కొట్టు ఊరికి ఆ చివర. తెల్లారగానే వెళితే చీకటి పడ్డాకే రావడం.

“మరి నేనెవర్ని తిట్టుకోవాలి?” అంది అత్త.

మామయ్య నవ్వాడు. అత్త నవ్వలేదు.

శనివారం ఆవిడ సెలవు పెట్టింది. అంచులు వంకరపోయి పక్కన పడేసిన షీటొకటి కార్ఖానాలో అడిగి తెచ్చుకుంది. నిచ్చెనేసి రేకుల మీదికి ఎక్కింది. దర్జీ పెళ్లాం కదా, ఒక్క ముడత కనబడినా జీవితాంతం ఎత్తిచూపుతాడని భయం. అందుకని డోలు మీద చర్మంలా బిగలాగి నాలుగు వైపులా మేకులు దిగ్గొట్టింది. సాయంత్రం పైపు పెట్టి కడుపునిండా తాగించింది.

తెల్లారేసరికి తాగుబోతు తన గుణం చూపించింది. షీటు ఉబ్బింది. పక్కలకి జరగడానికి చోటు లేక పైకి లేచింది. ఏనుగుపిల్లని కప్పు మీద పడుకోబెట్టి దుప్పటి కప్పినట్టుంది. సగం మేకులు ఊడి వాకిట్లో పడ్డాయి. రేకుకీ షీటుకీ మధ్య అంత సందుంటే ఇక చల్లదనం కిందికేం దిగుతుంది?

ఎదురింటి తాతగారు అరుగు మీంచి తల పైకెత్తి, “ఏమ్మా, మీ ఇంటికి ఎన్నో నెల?” అన్నాడు. వీధి వీధంతా పొట్ట పట్టుకుని నవ్వింది.

నోరు పొడుగు మనిషి తిరిగి ఒక్క మాట అనలేదు. నాకు అందుకే భయమేసింది. లోపలికెళ్లి కుట్టుమిషను తుడిచింది, నూనె వేసింది, పాత చీర చుట్టింది.

“బండి వచ్చే వేళైంది. వెళ్లండి. ఉబ్బుతుంది జాగ్రత్త అని కార్ఖానాలో అందరికీ నేనే చెప్తా. ఇంటికొచ్చేసరికి నా బుర్ర రోలర్లలో పెట్టేశాను.”

మామయ్య చీర కేసి చూశాడు. బయటికొచ్చి నిచ్చెనెక్కాడు. పదేళ్లలో ఆయన అంత ఎత్తు ఎక్కడం ఎవరూ చూడలేదు. షీటుని వేలితో నొక్కాడు, అంచు పట్టుకుని చూశాడు.

“ఏమేవ్, దీనికి కొలతలెప్పుడు తీశావు? ఎండి ఉన్నప్పుడేనా?”

“తడవకముందే. అయితే?”

“అదీ సంగతి! ఖాళీకడుపుతో కొలతలిచ్చినవాడే మర్నాడొచ్చి గుండీ పట్టట్లేదని నన్ను తిడతాడు. ఎవడికైనా భోంచేశాకే కొలవాలి. ఇదిప్పుడు భోంచేసి ఉంది. సుద్ద, పెద్ద కత్తెర అందుకో.”

ఉబ్బి ఉన్నప్పుడే గీతలు గీశాడు, పట్టీలుగా కత్తిరించాడు. అత్త ఒక్కో పట్టీకి ఒక అంచునే మేకులు కొట్టింది. రెండో అంచు వదిలేస్తే ఉబ్బినా ఎండినా దాని ఇష్టం. ఇంతలో బండి వచ్చి హారన్ కొట్టింది.

“సామాను ఎక్కించమంటారా?” బండివాడు కేకేశాడు.

“చేతిలో కటింగుంది! ఇవాళ కుదరదని అన్నయ్యకి చెప్పు!” మామయ్య తల కూడా తిప్పలేదు.

“రేపు రమ్మంటారా మరి?”

పైన కత్తెర చప్పుడు ఆగలేదు.

మర్నాడు మధ్యాహ్నం అత్త భోజనానికి వచ్చేసరికి మామయ్య స్టూలెక్కి అరచెయ్యి రేకుకి ఆనించి నిలబడి ఉన్నాడు. మామూలుగా అయితే చురుక్కుమని చెయ్యి లాగేసుకోవాలి. లాక్కోలేదు.

“ఏమండీ, చెయ్యి అతుక్కుపోయిందా?”

“పర్లేదు” అన్నాడు. మామయ్య భాషలో అంతకు మించిన మెప్పు లేదు. దిగి, మిషను మీది చీర తీసి మడతపెట్టి అత్త చేతికిచ్చాడు. “కానీ ఒక పట్టీకి మేకులు వంకరగా కొట్టావు.”

“ఏ పట్టీకి? చూపించండి!”

అన్నం చల్లారిపోతోంది. ఇద్దరూ నిచ్చెన వైపు నడిచారు.