మా దోహా సంఘానికి అధ్యక్షుణ్ణి ఎన్నుకున్న ఏడు

మొన్న శుక్రవారం పొద్దున్నే మా అబ్బాయి నా ఫోనుకు ఏదో లింకు పంపి, నొక్కి చూడమ్మా, సరదాగా ఉంటుందన్నాడు. ఇక్కడి మా తెలుగు సంఘానికి మళ్ళీ అధ్యక్ష ఎన్నికలు వచ్చాయట. పోటీలో ఉన్న ఇద్దరి వాగ్దానాలూ అందులో పెట్టారు. మనకు ముఖ్యమనిపించిన సమస్యల మీద వేలు నొక్కుకుంటూ పోతే, ఏ అభ్యర్థి మన మనసుకు ఎంత దగ్గరో చివర్న అదే లెక్క కట్టి చెబుతుంది. అల్ సద్‌లోని మా ఫ్లాటు బాల్కనీలో కాఫీ గ్లాసు పక్కన పెట్టుకుని, కళ్ళజోడు సవరించుకుని, ఆస్పత్రిలో సాయం, లేబర్ క్యాంపుల్లో ఉన్నవాళ్ళ బాగోగులు అంటూ వరసగా నొక్కాను. ఇద్దరూ నాకు నూటికి నూరుపాళ్ళూ సరిపోయారని వచ్చింది. ఆ మాట చూశాక నోట్లో ఉన్న కాఫీ మింగబుద్ధి కాలేదు.

గల్ఫులో ఇరవై ముప్పై ఏళ్ళు గడిపిన నా ఈడువాళ్ళెవరైనా ఇది చదువుతుంటే, నాకెందుకంత ఏవగింపు కలిగిందో సగం చెప్పకుండానే అర్థమవుతుంది. మిగతా సగం చెబుతాను.

ఇంకా మెట్రో రాని రోజులవి. నేను ఒక ప్రైవేటు క్లినిక్‌లో నర్సుగా పనిచేస్తున్నాను, మావారు ఒక నిర్మాణ కంపెనీలో డ్రాయింగులు గీసేవారు. సంఘమంటే అంతవరకూ మాకు ఉగాదికి పచ్చడి, దీపావళికి పిల్లల డాన్సులు, ఎవరింట్లోనో వండిన పులిహోర. అధ్యక్షుడెవరో ఒకసారి గుర్తుండేది, ఒకసారి ఉండేది కాదు. అలాంటి సంఘానికి ఆ ఏడు ఇద్దరు పోటీకి దిగారు. ఒకరు మా పెద్దాడపడుచు భర్త, నేను అన్నయ్యగారూ అని పిలిచే మనిషి, సిమెంటు వ్యాపారం ఆయనది. రెండో ఆయన ఒకప్పుడు మావారి పై ఆఫీసరు. ఇద్దరూ మా ఇంట్లో భోంచేసినవాళ్ళే, ఇద్దరికీ నా చేతి గోంగూర పప్పంటే ఇష్టమే, అందువల్ల మా ఇల్లు ఆ రెండు నెలలూ అడకత్తెరలో పోకచెక్కలా అయింది.

ఓట్లు ఎక్కడున్నాయో ఇద్దరికీ తెలుసు. ఫ్లాట్లలో ఉండే మా బోటివాళ్ళం పిడికెడు మందిమి; క్యాంపుల్లో ఉండే తెలంగాణ కుర్రాళ్ళు వందల్లో ఉంటారు. వాళ్ళ సభ్యత్వ రుసుములు అభ్యర్థులే కట్టేసి వాళ్ళందర్నీ సభ్యులుగా చేర్పించారు. అయితే వాళ్ళకేం కావాలో ఇద్దరికీ తెలియదు. నా క్లినిక్‌కు ఆ కుర్రాళ్ళు వస్తుంటారు కనుక, అక్కా అక్కా అంటూ చనువుగా ఉంటారు కనుక, నన్ను వెళ్ళి కనుక్కోమన్నారు అన్నయ్యగారు. మావారి ఆఫీసరు కూడా సరిగ్గా అదే అడిగారు. ఇద్దరికీ ఒకటే చెబుతాననే షరతు మీద ఒప్పుకున్నాను. నిజం చెప్పొద్దూ, నాకు సంతోషంగానే ఉండింది. ఇన్నేళ్ళకు ఆ పిల్లల్ని ఏం కావాలని అడిగేవాళ్ళు పుట్టారు గదా అనుకున్నాను.

ఒక శుక్రవారం మావారూ నేనూ బిర్కత్ అల్ అవామిర్‌లోని క్యాంపుకు వెళ్ళాం. ఎండకు రంగు వెలిసిన గోడలు, గది గది ముందూ ఇసుక పట్టిన బూట్ల వరస, తాళ్ళ మీద ఆరేసిన నీలం యూనిఫారాలు, ఆ సందులోనే కుర్చీ వేసుకుని ఒకరికొకరు జుట్టు కత్తిరించుకుంటున్న కుర్రాళ్ళు. నిర్మల్ దగ్గరి పల్లె నుంచి వచ్చిన ఒక తమ్ముడు, ఇనుప చువ్వలు కట్టే పని అతనిది, మమ్మల్ని చూడగానే మంచం మీది దుప్పటి దులిపి కూర్చోబెట్టి, ఎవర్నో తరిమి యాలకుల టీ తెప్పించాడు. నేను అడగడమే తరువాయి, గది నిండిపోయింది. జీతం గురించో తిండి గురించో చెబుతారనుకున్నాను. చెప్పారు, కానీ అన్నిటికన్నా ముందు చెప్పింది వేరు. నిర్మల్ తమ్ముడి మాట ఇప్పటికీ చెవుల్లో ఉంది.

“రోగమొస్తెనే పరేషాన్ అక్కా. హిందీల దర్ద్ అనొస్తది, గంతే. ఎసొంటి దర్దో చెప్పరాదు. గుంజుతున్నదా, మండుతున్నదా, పోటు పెడుతున్నదా, డాక్టరుకు ఎట్ల చెప్పాలె? ఆయన ఏదడిగినా ఆఁ అంటం. మన మాట ఎరుకున్నోళ్ళు ఒక్కరు పక్కన నిలవడితే సాలు.”

గదిలో ఉన్నవాళ్ళంతా ఆ మాటకే తలలూపారు. తిరిగొచ్చి ఇద్దరికీ ఆ మాటే చెప్పాను. వారం తిరక్కుండా రెండు కరపత్రాలు వచ్చాయి, ఒకటి పసుపు, ఒకటి గులాబీ. రెండింటిలోనూ మొదటి హామీ ఒకటే: ఆస్పత్రికి వెళ్ళే ప్రతి తెలుగువాడి పక్కనా తెలుగు మాట్లాడే మనిషి. నజ్మా ప్రాంతంలో మా ఊరి ఇడ్లీ దొరికే హోటలు మీది గదిలో అన్నయ్యగారి ఎన్నికల ఆఫీసు ఉండేది. అక్కడ ఆ పసుపు కాగితాలు గుట్టలుగా పడి ఉంటే, ఇడ్లీ తినడానికి వచ్చినవాళ్ళు వాటితో చేతులు తుడుచుకునేవారు. అది చూసి నాకు మనసు చివుక్కుమంది కానీ సర్దుకున్నాను. ఎన్నిక రోజున క్యాంపులకు బస్సులు వెళ్ళాయి. ఉతికిన చొక్కాలు వేసుకుని, తలకు నూనె రాసుకుని, పెళ్ళికి వచ్చినట్టు వచ్చారు వాళ్ళంతా. అన్నయ్యగారు గెలిచారు. సాయం కావలసినవాళ్ళు ఈ నంబరుకు ఫోను చెయ్యండంటూ క్యాంపులన్నిటా కాగితాలు అంటించారు కూడా. మేమున్నామని, నేనూ ఇంకో ఇద్దరు ఆడవాళ్ళూ వంతులవారీగా ఆస్పత్రికి వెళతామంటే, చూద్దాం చెల్లెమ్మా, కమిటీ వెయ్యాలి అన్నారు. ఆ కమిటీ పడలేదు.

మరుసటి ఉగాదికి ఒక సినిమా నటుణ్ణి పిలిపించారు. ఆ ముందు గురువారం మధ్యాహ్నం క్లినిక్‌లో ఉండగా నిర్మల్ తమ్ముడి గదిలో ఉండే కుర్రాడు ఫోను చేశాడు. “మేడం, మనోడు నాలుగు దినాల సంది అన్నం తింటలేడు, ఇయ్యాల ఆస్పత్రికి తోలుకొచ్చినం. సంఘపోళ్ళ నంబరుకు చేస్తే మోగుతనే ఉన్నది, ఎత్తుతలేరు.” నేనూ చేశాను. మోగుతూనే ఉంది. తర్వాత తెలిసింది, ఆ ఫోను పట్టుకున్న మనిషితో సహా కార్యవర్గమంతా పూలదండలతో విమానాశ్రయంలో ఉందని.

డ్యూటీ ఇంకొకరికి అప్పగించి టాక్సీలో పరుగెత్తాను. స్ట్రెచర్ మీద మోకాళ్ళు కడుపులోకి ముడుచుకుని పడుకున్నాడు. క్యాంపులో కడుపుబ్బరం అనుకుని గ్యాసు మందు ఇచ్చారట. ఇక్కడి డాక్టరు పాపం ఓపికగా హిందీలో, ఇంగ్లీషులో అడుగుతూనే ఉన్నాడు, ఇతను అన్నిటికీ ఆఁ అంటున్నాడు. నేను చెయ్యి పట్టుకుని నొప్పి ఎక్కడ పుట్టిందో మొదట్నుంచీ చెప్పమన్నాను.

“బొడ్డుకాడ మొదలైందక్కా. రెండోనాడు కిందికి దిగి కుడిదిక్కు పోటు పెట్టింది. నిన్న పొద్దుగాల ఒక్కపారి తగ్గింది. ఇగ బతికిన అనుకున్న. మల్ల మాపటికి కడుపంత లేచింది.”

నర్సులకు తెలుస్తుంది, ఒక్కసారిగా తగ్గిన ఆ నొప్పికి అర్థమేమిటో. లోపల పేగుతిత్తి, అదే అపెండిక్స్, పగిలిపోయింది. డాక్టరుకు చెప్పాను, ఆయన ఇంకో ప్రశ్న వెయ్యకుండా ఆపరేషనుకు తీసుకుపోయాడు. తమ్ముడు బతికాడు. కానీ చీము లోపలంతా పాకడంతో వారాల తరబడి ఆస్పత్రిలోనే ఉండిపోయాడు, మనిషి సగమయ్యాడు, మళ్ళీ ఇనుము మొయ్యగలిగే ఒళ్ళు రాలేదు. కంపెనీ ఇంటికి పంపేసింది.

అంతకుముందే, ఉగాది అయిన మర్నాడు, నేను అతని పెదవులు తడిగుడ్డతో తడుపుతుండగా అన్నయ్యగారు వార్డులోకి వచ్చారు. వెంట ఆ నటుడు, ఒక ఫోటోగ్రాఫరు, యాపిల్ పళ్ళ బుట్ట. ముక్కులో గొట్టం ఉన్న మనిషికి పళ్ళెందుకని కూడా ఆలోచించలేదు. బుట్ట అతని ఒళ్ళో పెట్టి, దుప్పటి సర్ది, కొంచెం నవ్వవయ్యా అన్నారు. ఆ పిచ్చితండ్రి నవ్వాడు, రెండు చేతులూ జోడించాడు కూడా. ఏడాది చివర్న సంఘం తెచ్చిన ప్రత్యేక సంచికలో నిండు పేజీకి ఆ ఫోటో వేసి, కింద మొదటి హామీ నెరవేరిందని రాశారు. అది చూసి ఆ సంచికను మడిచి అవతల పడేశాను. ఇన్నేళ్ళు నర్సుగా ఎన్నో చూసినా కలగని అసహ్యమది.

సర్వసభ్య సమావేశంలో లేచి అడిగాను, ఏం నెరవేరిందని. అన్నయ్యగారికి కోపం రాలేదు, అదే నాకు మరీ రోతగా తోచింది. “అవన్నీ గెలవడానికి రాసుకునే మాటలు చెల్లెమ్మా, నువ్వు మరీను” అని నవ్వేశారు. చుట్టూ ఉన్నవాళ్ళు కూడా నవ్వారు. ఆ రోజు సమావేశం మధ్యలోనే బయటికి వచ్చేశాను. మా వదిన నాతో మాట మానేసింది. వారం తర్వాత మావారి ఆఫీసరు ఇంటికొచ్చి, ఎంత అన్యాయమమ్మా అని విచారం వెలిబుచ్చి, టీ తాగి, వెళ్ళబోతూ గుమ్మం దగ్గర ఆగి ఆ కుర్రాడి ఆస్పత్రి ఫోటో నా దగ్గరేమైనా ఉందా, వచ్చే ఎన్నికల్లో పనికొస్తుంది అన్నారు. తలుపు వేసేశాను. ఆ తర్వాత ఇద్దరిలో ఎవరికీ ఓటు వెయ్యలేదు.

నా సొంత నంబరు క్యాంపులో ఇచ్చేశాను. వంట చేస్తూ, బస్సులో కూర్చుని, ఎవరికి కళ్ళు తిరుగుతున్నాయో, ఎవరికి తిమ్మిర్లు ఎక్కుతున్నాయో ఫోనులోనే డాక్టర్లకు చెప్పేదాన్ని. నిర్మల్ తమ్ముడు ఊళ్ళో చిన్న కిరాణా కొట్టు పెట్టుకున్నాడు, ఇప్పటికీ ఫోను చేస్తాడు. వాళ్ళమ్మ దృష్టిలో గల్ఫంతా దుబాయే కాబట్టి నన్ను దుబాయ్ బిడ్డ అంటుందట.

ఇప్పుడు కాలం మారింది. నాకు ఫోన్లు తగ్గాయి. కుర్రాళ్ళకు చదువులున్నాయి, తెలుగు మాటను వేరే భాషలోకి మార్చి చెప్పే ఫోన్లున్నాయి. ఆ సౌకర్యం వచ్చినందుకు సంతోషమే, అందులో మా సంఘం చెయ్యి ఏమాత్రం లేకపోయినా. కానీ ఇంకొకటి పోయింది, అది ఎప్పుడు పోయిందో నేను గమనించలేదు. ఆ రోజుల్లో మీ కష్టమేమిటని అడిగితే చాలు, దుప్పటి దులిపి కూర్చోబెట్టి, కడుపులో ఉన్నదంతా చెప్పేవారు. ఈమధ్య క్లినిక్‌లో, చేతికి కట్టుతో కూర్చున్న జగిత్యాల కుర్రాణ్ణి, మా చిన్నవాడి ఈడు ఉంటాడు, పలకరించి, క్యాంపులో ఏమైనా ఇబ్బందులున్నాయా నాయనా అని అడిగాను. అతను నా ముఖంలోకి చూసి, నా వెనక ఇంకెవరైనా ఉన్నారేమోనని చూసి, కొంచెం పక్కకు జరిగాడు.

“ఎలక్షన్లొచ్చినయా అమ్మా?” అన్నాడు.

ఊరికే అడిగానని చెప్పాను. నర్సునని కూడా చెప్పాను. మర్యాదగా తలూపి, బాగనే ఉన్నమమ్మా అని, తన ఫోను చూసుకోవడం మొదలుపెట్టాడు.