ఒట్టు గుర్తొచ్చేలోగా మైదుకూరుకు

ఒకరోజు పొద్దున కర్నూలులో మా ఇంటి అరుగు మీద కూర్చుని మా నాయన, "సుబ్బి ఈమధ్య రాలేదే, యాడుండాది?" అని అడిగాడు. నా చేతిలోని వేపపుల్ల కింద పడింది. సుబ్బి అంటే సుబ్బమ్మత్త, ఆయన ఒక్కగానొక్క చెల్లెలు. మా ఇంట్లో ఆ పేరెత్తకూడదని ఏళ్లతరబడి కట్టడి చేసిందీ ఆయనే.

ఆ గొడవకు కారణం నేను, నా తప్పేమీ లేకపోయినా. అత్త కూతురు మేనరికం ప్రకారం నాకు రావలసిన పిల్ల. మామ తనవైపు సంబంధానికి ఇచ్చాడు. ఆ పెళ్లి పందిట్లోనే నాయన చేతిలోని చెంబు నేలమీద ఒలకబోసి, ఆ ఇంట్లో ఇక నీళ్లు ముట్టనని ఒట్టు పెట్టుకుని వచ్చేశాడు. నేను వేరే పిల్లను చేసుకుని హాయిగా ఉన్నాను. ఆయనే మెత్తబడలేదు. నేను బడిపంతుల్ని. సెలవుల్లో మైదుకూరు వైపు వెళ్లినప్పుడల్లా అత్త అడిగేది ఒకటే. "నేను పోయేలోగా అన్న మా ఇంట్ల గుక్కెడు నీళ్లు తాగుతాడా నాయనా?"

ఇప్పుడు నాయనకు మతి జారిపోతోంది. అన్నం తిని తినలేదంటాడు. కొన్నాళ్లు నన్ను కొడుకంటాడు, కొన్నాళ్లు ఎవరో అంటాడు. వయసు మీద పడితే ఇంతేనని డాక్టరు చేతులు దులుపుకున్నాడు. మమ్మల్ని ఇంత ఏడిపించిన మరుపు ఆ ఒట్టును కూడా మింగేసిందని ఆ పొద్దున తెలిసింది. నా భార్య వంటింట్లోంచి వచ్చి నా చెవిలో, "గుర్తొచ్చేలోగా పిలుచుకోని పోండి" అంది.

మర్నాడే బయలుదేరాం. కర్నూలుకు రాజధాని వచ్చిన కొత్త. జట్కాలన్నీ ఆఫీసులవాళ్లే ఎక్కేస్తున్నారు. ఒక జట్కావాడి గడ్డం పట్టుకుని బతిమాలి, ఏడింటి బండి కదలబోతుండగా మూడో తరగతిలో పడ్డాం. డోన్‌లో దిగి నంద్యాల బండి ఎక్కాలి. ఆ మధ్యలో రెండు గంటలు పడిగాపులు. ఈ దారిన పోయేవాళ్లు సద్ది మూట మరవద్దు, స్టేషను బయట బొరుగుల ఉగ్గాని తొమ్మిదిన్నరకే అయిపోతుంది.

మా నాయన గురించి ఒకమాట చెప్పాలి. రైల్లో ఎవరితోనూ పలకని మనిషి. గొడుగు మోకాళ్ల మధ్య నిలబెట్టుకుని, పక్కవాడు పలకరిస్తే కిటికీలోంచి బయటికి చూసే మనిషి. ఆయన నంద్యాల బండిలో ఎదురుగా కూర్చున్న పత్తి బేరాల సాయిబు సద్ది మూట విప్పగానే, "ఏం తింటాండావప్పా?" అని చెయ్యి చాపాడు. సాయిబు నవ్వి రొట్టె తుంచి ఇచ్చాడు. నాయన తిని, ఇంకా కావాలన్నాడు. సిగ్గుతో నాకు తల ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు.

"ఈ అబ్బాయి మీకేమైతాడు?" అని సాయిబు అడిగాడు.

"ఎవరో తెల్దు. శానా మంచోడు. నాకు టిక్కెట్టు గూడా తీసినాడు."

గుండె కలుక్కుమంది. అయితే ఆయన నోటినుంచి నేను మంచివాణ్ణని వినడం పుట్టినప్పటినుంచీ అదే మొదటిసారి. ఆ రెండూ కలిసి నాకు నవ్వూ ఏడుపూ కాని ఒక దగ్గు వచ్చింది.

నంద్యాలలో మధ్యాహ్నం బస్సు పట్టుకున్నాం. కాలువ కింద వరి పచ్చగా ఉంది. ఆళ్లగడ్డ దాటాక ఎర్రనేల, కొర్ర కొయ్యకాళ్లు, ఎడమచేతివైపు నల్లమల. చాగలమర్రిలో ఇంజను వేడెక్కి ఆగింది. దిగిన జనమంతా డ్రైవర్ని తిడుతుంటే నాయన మాత్రం ఆ కొండలను చూస్తూ, "ఈ దావన బండి కట్టుకోని సుబ్బిని కాపురానికి దిగబెట్టినా" అన్నాడు. కాపురం గుర్తొచ్చిన మనిషికి పందిరి గుర్తు రావడం ఎంతసేపు? బస్సు కదిలేదాకా ఆయనతో జొన్నల ధర, ఎద్దుల పళ్లు, నోటికొచ్చిందల్లా మాట్లాడాను.

మైదుకూరులో బండి కుదుర్చుకుని అత్త పల్లె చేరేసరికి పొద్దు వాలుతోంది. మా సీమలో ఎవరు వచ్చినా ముందు కాళ్లకు నీళ్లు, తర్వాత తాగను నీళ్లు. తక్కిన మాటలన్నీ ఆ తర్వాతే. అంటే నేను భయపడిన ఘడియ గడపలోనే కాచుకుని ఉంది.

నాయన మరుపు సంగతి నావల్ల ముందే తెలిసిన అత్త రెండు చెంబులతో వచ్చింది. నాయన కాళ్లు కడుక్కుని, బండల అరుగు మీద కూర్చుని, రెండో చెంబు నోటిదాకా ఎత్తి ఆపాడు.

"ఈ ఇంట్ల నీళ్లు తాగకూడదు గదా" అన్నాడు.

అయిపోయింది, ఇంతదూరం వచ్చి గడపలో చెడింది అనుకున్నాను. అత్త గుంజకు ఆనుకుంది. "ఎవరు చెప్పినారన్నా?" అంది.

"కర్నూల్లో ఒకాయప్ప ఉండాడులే. చెల్లెలింట్ల నీళ్లు ముట్టనని పెండ్లి పందిట్లో ఒట్టు పెట్టుకున్నాడంట. శానా మొండోడు."

అత్త నావైపు చూసింది. ఆమె మెల్లగా ఆయన పక్కన కూర్చుంది. "మొండోడే. ఆయప్పకు చెల్లెలంటే పానం గూడా."

"ఉంటే మాత్రం? అంతమందిలో అట్ల అంటాడా. ఆ పిల్ల ఎంత ఏడ్చిందో ఏమో."

"శానా ఏడ్చింది అన్నా. ఇప్పుడు ఆ యమ్మికి కోపం ల్యాదు. ఆయప్ప కనపడితే చెప్పు."

"చెప్తా. గట్టిగానే చెప్తా" అని నాయన చెంబు ఎత్తి గటగట తాగాడు. గడ్డం మీద కారిన నీళ్లు తుడుచుకుని, "ఇంకో చెంబు తే సుబ్బీ, దావంతా ఎండ" అన్నాడు.

అత్త పరుగెత్తింది. ఆ వయసులో, ఆ మోకాళ్లతో. నేను గెలిచాను, అత్త గెలిచింది, ఒట్టు పెట్టుకున్న మొండాయన కూడా గెలిచాడు. ఆ రాత్రి అలసంద వడలు, బెల్లం ఓళిగలు. ఎక్కువ తిన్నది ఆయనే.

రెండోనాడు తిరుగుప్రయాణానికి అత్త మా చేతికి కూజా నిండా తన బావి నీళ్లిచ్చింది. నంద్యాలలో హోటలువాడు గ్లాసు పెడితే నాయన పక్కకు నెట్టేశాడు. "మా చెల్లెలింటి నీళ్లుండగా ఇవెందుకు? నేను వేరే నీళ్లు ముట్టను" అన్నాడు. మనిషి మారినా ఆ మొండితనం ఎక్కడికీ పోలేదు. ఎదుటివాళ్లు అడిగినా అడగకపోయినా అందరికీ, "మా చెల్లెలింటికి పోయొస్తాండా" అని చెప్పుకున్నాడు.

డోన్ వచ్చేసరికి కూజా ఖాళీ. బండి మారి కర్నూలు బండిలో ఆయన కునుకు తీస్తుండగా దిగి, ప్లాట్‌ఫారం కొళాయి కింద నింపుకొచ్చాను. ఉప్పునీళ్లు, నోట పెట్టలేం. లేచి ఒక గుక్క తాగి నాయన కళ్లు మూసుకున్నాడు.

"సుబ్బి బావి నీళ్లు ఎంత తియ్యగుండాయో సూడప్పా" అని కూజా నాకిచ్చాడు. నేనూ తాగాను. తియ్యగానే ఉన్నాయి.