ఎడమ పక్కకు మారిన బ్యాటరీ

గోదావరిఖనిలో భూగర్భ గనికి వెళ్లే రఘుపతికి ముప్పై రెండేళ్లు. తండ్రి పోశం నడుము చెడి, డాక్టర్లు అన్‌ఫిట్ అని రాస్తే ఆ కొలువు కొడుక్కి వచ్చింది. రఘుపతి పని పైకప్పు చూడటం. బొగ్గు తీసిన చోటికి అందరికంటే ముందు వెళ్లి, ఇనుప కడ్డీతో కప్పును కొట్టి చెవి పెట్టి వింటాడు. ఖంగుమంటే మంచిది. డొల్లగా పలికితే తోటివాళ్లను వెనక్కి జరిపి, ఊడేదాన్ని ముందే దింపేస్తాడు. అతని చెవి ఒక్కసారీ తప్పలేదని జోడీగా పనిచేసే అన్వర్ ఎవరు కలిసినా చెబుతాడు.

వానాకాలం మొదట్లో ఒకరోజు షిఫ్టు దిగి స్నానం చేస్తుంటే, కుడి వృషణం మీద శనగగింజంత గట్టి గడ్డ రఘుపతి చేతికి తగిలింది. నొప్పి లేదు. నొప్పి లేనిది రోగమెట్లా అవుతుంది అనుకున్నాడు. కారణం కూడా తనే కనిపెట్టాడు. టోపీ మీది దీపానికి కరెంటిచ్చే బ్యాటరీ నడుము బెల్టుకు కుడి పక్కన వేలాడుతుంది. వంగినప్పుడల్లా గజ్జల్లో ఒత్తుకుంటుంది. దాన్ని ఎడమ పక్కకు మార్చాడు. ఒరిపిడి తగ్గితే గడ్డ కరిగిపోతుందని అతని నమ్మకం.

మూడు నెలలు గడిచాయి. గడ్డ కరగలేదు, రేగుపండంత అయింది. క్యాన్సరేమో అన్న మాట మనసులోకి వస్తే దాన్ని తరిమేసేవాడు. కంపెనీ దవాఖానకు పోతే కాగితం మీద పేరెక్కుతుంది, నాన్నకు రాసినట్టే అన్‌ఫిట్ అని రాసి, తనను ముప్పై రెండేళ్లకే ఇంట్లో కూర్చోబెడతారేమోనని ఇంకో భయం.

ఒకరోజు గనిలోకి దిగబోయే ముందు అన్వర్ అతని నడుము వైపు చూశాడు.

“ఏంది తమ్మీ, బ్యాటరీ ఇల్లు మారింది? కిరాయి ఎక్కువైందా?”

“ఊకెనే అన్నా.”

“ఊకెనే కాదు. మూడు నెలల సంది నీ చెయ్యి కుడిదిక్కే పోతున్నది, బ్యాటరీ ఎడమదిక్కున్నది. జెప్పు.”

రఘుపతి చెప్పాడు. చెబుతున్నంతసేపూ నేలనే చూశాడు. అన్వర్ నవ్వలేదు.

“కప్పు డొల్లగ మోగితే ఏం జేస్తవ్?”

“అందర్ని ఎన్కకు జరుపుత.”

“ఇంకో పక్కకు బోయి నిలబడి, మంచిగైతదని మూడు నెలలు జూస్తవా?”

రఘుపతి కడ్డీ అందుకుని గనిలోకి దిగాడు. ఆ రోజు డ్యూటీ దిగి ఇంటికి పోగానే భార్య మమతకు చెప్పేశాడు. ఆమె చేతిలోని గరిటె పక్కన పెట్టింది.

“గోడదిక్కు తిరిగి పంటుంటే ఎవతన్న దొరికిందేమో అనుకున్న,” అంది. “గడ్డ సంగతి ముందుగల జెప్తే నీ నోటి ముత్యాలు రాలుతయా? పా, రేపే పోదాం.”

కంపెనీ దవాఖాన వద్దని రఘుపతి పట్టుబడితే, ఇద్దరూ పెద్దపల్లి బస్సెక్కారు. అక్కడి డాక్టరు పరీక్ష చేసి, నొప్పి ఉందా అని అడిగాడు.

“లేదు సార్. లేదనే ఊకున్న.”

“నొప్పి లేని గట్టి గడ్డనే తొందరగా చూపించుకోవాలి,” అన్నాడాయన.

గది లైటు ఆర్పి, చిన్న టార్చిని గడ్డకు ఆనించాడు. నీరు చేరిన బుడ్డయితే వెలుతురు ఎర్రగా అవతలికి వస్తుందని చెప్పాడు. రఘుపతి తల వంచి చూశాడు. వెలుతురు రాలేదు.

“బొగ్గు మీద లైటు గొట్టినట్టే ఉన్నది సార్,” అన్నాడు మెల్లగా.

“ఇది క్యాన్సర్ కావొచ్చు, కాకపోవచ్చు. స్కానింగు, రక్తపరీక్ష చేయిద్దాం. ఒకవేళ అదే అయినా, ఈ రకం చాలావరకు నయమవుతుంది.”

పరీక్షల్లో అనుమానం బలపడింది. కరీంనగర్‌లో ఆపరేషన్ చేసి ఆ వృషణం తీసేశారు. ఆపరేషన్ ముందు మమత కొంగు చివర నలుపుతూ, ఇంకో బిడ్డను కనాలనుకున్నామని అక్కడి డాక్టరమ్మకు చెప్పింది. “రెండోది బాగుంది కదా, మామూలుగా ఒక్కటే సరిపోతుంది,” అందామె. బయటికి రాగానే మమత, “ఇన్నవా, మన పిల్లల కంపెనీ బందు కాలేదు,” అని మొగుడి చెయ్యి గిల్లింది.

రిపోర్టుకు పది రోజులు పట్టింది. క్యాన్సరే. కానీ తీసేసినదాన్ని దాటి ఎక్కడా పోలేదు. మందులు కూడా అక్కర్లేదు, కొన్నేళ్లపాటు తప్పకుండా పరీక్షలకు వస్తే చాలన్నారు. రఘుపతి ఆ కాగితాన్ని మూడుసార్లు చదివించుకున్నాడు.

ఇక దాచడానికేమీ లేదు. గాయం మానాక కాగితాలన్నీ పట్టుకుని తనే కంపెనీ దవాఖానకు పోయాడు. డాక్టరు అంతా చదివి, నడిపించి, వంగించి చూసి, ఫిట్ అని రాశాడు. ఇంటికొచ్చాక పోశం ఆ ఒక్క ముక్క మీద వేలు పెట్టి, ఇదేనా అని అడిగి మరీ చూసుకున్నాడు.

మళ్లీ డ్యూటీలో చేరిన రోజు, ల్యాంపు రూంలో దీపం తీసుకుని రఘుపతి బ్యాటరీని కుడి పక్కనే తగిలించుకున్నాడు. పక్కన అన్వర్ బెల్టు బిగించుకుంటూ చుట్టూ ఒకసారి చూసి గొంతు తగ్గించాడు.

“నువ్వు జెప్పినంక నేను గూడ తానం జేసేకాడ చూసుకున్న తమ్మీ. రెండు దిక్కులా.”

“ఎట్లున్నది?”

“మంచిగున్నది. ఇదైతే చెయ్యికే ఎరుకైతది, కప్పును కడ్డీతోని కొట్టి ఇనుడు మాత్రం నాతోని గాదు.”

రఘుపతి నవ్వుకుంటూ కడ్డీ భుజాన వేసుకుని, ఎప్పట్లాగే అందరికంటే ముందు నడిచాడు.